నడిచే బియ్యపు గింజ

ఆ పురుగు దీపం దగ్గరికి రాదు. వానాకాలంలో మా సెక్టర్ 4 క్వార్టరులో బల్బు చుట్టూ తిరిగి, తెల్లారేసరికి నేల నిండా రెక్కలు రాల్చే పురుగులు వేరు. వాటికి ఎవరూ భయపడరు. చీపురు తీసుకుని ఊడ్చి పారేస్తాం. ఇది వెలుతురు పడగానే తప్పుకుంటుంది. ట్రంకు పెట్టె మూత తీస్తే ఎగరదు, మడతల్లోకి పరుగెడుతుంది. ఎండుగడ్డి రంగు, రెక్కల మీద రెండు మూడు మసక చుక్కలు, మొత్తం కలిపి గోధుమ గింజంత ఉంటుంది. వేలితో నొక్కితే పొడి తప్ప ఏమీ మిగలదు. అంత చిన్న ప్రాణికి నేను ఇంత భయపడతానని ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వారు కూడా.

పాప నిద్రపోయింది. ఆయన నైట్ షిఫ్ట్‌కి వెళ్ళారు. ఆయన ఫర్నేస్ దగ్గర ఉన్న రాత్రులు నాకు నిద్ర పట్టదు కాబట్టి ఇది రాస్తున్నాను.

డెబ్బైలలో పెళ్ళయి విజయనగరం నుంచి భిలాయి ఉక్కు ప్లాంటుకు వచ్చిన కొత్తలో ఆయన కోటు చూసి నేనూ నవ్వాను. మే నెల. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. ఆయన సైకిల్ క్యారియర్ మీద దుప్పటంత మందం ఉన్న బూడిదరంగు ఉన్ని కోటు పెట్టి తాడుతో కడుతున్నారు.

"చలేస్తోందా అండీ?" అన్నాను.

"నవ్వకు. నూలు బట్టయితే అంటుకుంటాది. నైలానయితే కరిగి ఒంటికి అతుక్కుపోద్ది. ఉన్ని ఒక్కటే కాలదు. మాడుద్ది, ఆరిపోద్ది. అంతే."

కరిగిన ఉక్కును ఫర్నేస్ నుంచి బయటికి వదలడాన్ని వాళ్ళు ట్యాపింగ్ అంటారు. అప్పుడు లేచే రవ్వల్లో కొన్ని రవ్వలు కావు, చుక్కలు. ఉక్కు చుక్కలు. అవి కోటు మీద పడి జారిపోవాలి. జారిపోతాయి కూడా, కోటు మందంగా ఉన్నంత కాలం. ఆ రోజు నుంచి నేను ఆ కోటును చూసి నవ్వలేదు.

వారానికొకసారి ఆయన దాన్ని ఇంటికి తెచ్చేవారు. వీపు మీద, చంకల కింద చెమట ఎండి తెల్లటి గీతలు కట్టి ఉండేవి. మా లైనులో ఫర్నేస్ వాళ్ళ ఇళ్ళలో ఎవరూ ఆ కోటును ఉతకరు. ఆదివారం పెరట్లో తీగ మీద వేసి, కర్రతో దుమ్ము దులిపి, ఎండబెట్టి, రవ్వలు పడి చిల్లులుంటే దారంతో అల్లి పూడుస్తారు. ఆ అల్లికను ఇక్కడ అందరూ హిందీలో రఫూ అంటారు. ఈ పనంతా నాకు నేర్పింది పక్క క్వార్టరు అక్క. ఆవిడది శృంగవరపుకోట వైపు. వాళ్ళాయనా ఫర్నేసే.

"నీళ్ళలో ముంచీకు సెల్లీ. ముడుసుకుపోయి నీ కూతురికి గౌనైపోద్ది," అనేది.

పాపకు రెండేళ్ళు నిండాక ఆయనకు కామెర్లు వచ్చాయి. తగ్గాక కూడా డాక్టరు వేడి దగ్గరికి వెళ్ళవద్దన్నాడు. కొన్ని నెలలు స్టోరులో కుర్చీ పని ఇచ్చారు. నాకు ఆ నెలలు పండగలా ఉండేవి. ఆయన సాయంత్రం చెమట లేకుండా ఇంటికొచ్చేవారు. కోటును బాగా దులిపి, మడిచి, వేపాకు వేసి, మంచం కిందున్న ట్రంకు పెట్టెలో అడుగున పెట్టేశాను. దాని మీద పాప ఎర్ర స్వెటర్ పెట్టాను. మా అమ్మ అసలైన ఉన్ని తెప్పించి అల్లిన స్వెటర్ అది, వచ్చే చలికాలానికి కూడా సరిపోయేలా కాస్త పెద్దదిగా. అక్క బజారు ఊలుతో అల్లిచ్చిన బూడిదరంగు టోపీ కూడా అందులోనే పెట్టాను. మూత వేశాను. ఆ పెట్టెను మళ్ళీ చూడాల్సిన అవసరం రాకూడదని ఎన్నిసార్లు అనుకున్నానో.

వానలు మొదలయ్యాక గోడ వారగా చిన్న రెక్కల పురుగులు పరుగెత్తడం చూశాను. పాప వాటి వెనక పడేది. మా ఇంట్లో తెలుగు, బయట పిల్లలతో హిందీ కావడంతో దానికి రెండూ కలిసిపోయాయి.

"అమ్మా, తిత్లీ! తిత్లీ పోతోంది!"

"సీతాకోకచిలుక కాదమ్మా, పురుగు," అనేదాన్ని. చేతికి దొరికిన వాటిని చంపేదాన్ని. నేను బీఎస్సీలో జువాలజీ చదివాను. గుడ్డు, లార్వా, ప్యూపా, రెక్కల పురుగు అని నాలుగు బొమ్మలు గీసి, బాణం గుర్తులు పెట్టి, మార్కులు తెచ్చుకున్నాను. రెక్కలొచ్చాక ఆ జాతికి నోరు పనిచేయదనీ, అది ఇక ఏమీ తినదనీ, జత కట్టి గుడ్లు పెట్టి కొద్ది రోజుల్లో చచ్చిపోతుందనీ నాకు తెలుసు. కళ్ళ ముందు పరుగెత్తేది తినేది కాదు. తినేది చీకట్లో ఉంటుంది. ఇదంతా తెలిసి కూడా నేను గోడ మీది వాటినే చంపుతూ కూర్చున్నాను.

దసరా ముందు ఆయన్ని మళ్ళీ ఫర్నేస్‌కి రమ్మన్నారు. ఫస్ట్ షిఫ్ట్. పొద్దున్నే చీకటి ఉండగానే బయల్దేరాలి. నేను వంటింట్లో టీ పెడుతుంటే ఆయనే పెట్టె లాగి, కోటు తీసి, రెండుసార్లు విదిలించి, చుట్టి, క్యారియర్‌కి కట్టుకున్నారు. వాకిట్లో సైకిల్ గంట వినిపించింది. వెళ్ళిపోయారు.

తెల్లారాక పాప లేచింది. పెట్టె తెరిచే ఉంది. నేను మంచం మీద దుప్పట్లు మడుస్తుంటే అది పెట్టెలోకి వంగి చూస్తోంది.

"అమ్మా, చావల్!"

"బియ్యం ఎక్కడివి అందులో?"

"చావల్ చల్ రహా హై. నడుస్తోంది అమ్మా!"

వెళ్ళి చూశాను. పెట్టె రేకు గోడ మీద, బియ్యపు గింజంత పొడుగున్న చిన్న సంచి కదులుతోంది. ఒక చివర నుంచి గోధుమరంగు తల బయటికి వచ్చి, రేకును పట్టుకుని, తన ఇంటిని వెనక నుంచి లాక్కుంటూ పైకి పోతోంది. పాప చప్పట్లు కొట్టింది. నేను దాన్ని రేకు మీంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాను.

పిల్లపురుగు గుడ్డులోంచి బయటపడగానే మొదట చేసే పని ఆ సంచి కుట్టుకోవడం. నోటి నుంచి పట్టుదారం తీసి, తాను తింటున్న బట్ట పోగులనే తుంచి అందులో కలిపి నేస్తుంది. అందుకే అది ఏ బట్ట మీదుంటే ఆ రంగులో ఉంటుంది. పక్కనే ఉన్నా కంటికి ఆనదు. ఒళ్ళు పెరిగి సంచి బిగుతైతే, మనం జాకెట్టు కుట్టు విప్పి వెడల్పు చేసినట్టు పక్కన చీల్చి అతుకు వేసుకుంటుంది. పొడుగు చాలకపోతే రెండు చివర్లా కొత్త పోగులు చేరుస్తుంది. అంటే సంచి మధ్య భాగం దాని చిన్నతనం, చివర్లు దాని నిన్నా మొన్నా.

నా చేతిలోని సంచి నడుమ ఎర్రగా ఉంది. రెండు చివర్లూ బూడిదరంగులో ఉన్నాయి.

ఎరుపు పాప స్వెటర్. దాన్ని తీసి చూస్తే ముంజేతుల దగ్గరా, పాలు ఒలికిన ఛాతీ దగ్గరా చిల్లులున్నాయి. టోపీ మాత్రం చెక్కుచెదరలేదు. ఇక ఆ బూడిదరంగు ఎక్కడిదో చెప్పడానికి పెట్టెలో ఏమీ లేదు. అది ఆయన క్యారియర్ మీద ప్లాంటుకు వెళ్ళిపోయింది.

పెట్టె అడుగున అలాంటి సంచులు ఇంకా ఉన్నాయి. చాలావరకు మొత్తం బూడిదరంగువే. ఒకటి మాత్రం నల్లగా ఉంది. వెలుతురులో పట్టుకుంటే అది జుట్టు. నా జుట్టు. మంచం కింద రాలిన నా వెంట్రుకలతో ఇల్లు కట్టుకుని, అది మేమందరం పడుకున్న మంచం కింద తిరిగింది. ఆ తర్వాత ఎక్కడో చదివాను, ఒట్టి ఉన్ని దానికి చాలదట. చెమట మరక, ఉప్పు, పాలు, జిడ్డు అంటిన చోటే బాగా తిని త్వరగా పెరుగుతుందట. మేము ఉతకకుండా దాచిన ఆ కోటు వీపూ, చంకలూ, మెడపట్టీ దానికి విస్తరి వేసి వడ్డించినట్టే. ఆయన ఒంట్లో ఎక్కడ ఎక్కువ వేడి తగిలి చెమట పట్టిందో సరిగ్గా అక్కడే కోటు పలచబడి ఉంటుంది.

పాపను చంకనేసుకుని అక్క ఇంటికి పరుగెత్తాను.

"అక్కా, ఆయన కోటుని పురుగు తినేసింది. దాన్ని తీసుకునే ఆయన డ్యూటీకి వెళ్ళారు."

అక్క బియ్యం ఏరుతోంది. "ఏటి? పురుగేటి? నీ మొగుడేటి?" అని చేట పక్కన పెట్టింది. చేతిలో సంచిని చూపించాను. ఆవిడ దాన్ని చూడకుండా నా ముఖం చూసింది. "సెప్పులేసుకో. గేటు కాడికెల్దాం."

రిక్షాలో దారంతా ఆవిడే మాట్లాడింది. "గేటోడు అందరికీ ఫోన్ సెయ్యడు. బిడ్డకి బాగోనేదని సెప్పు. ఎంటనే సేస్తాడు. పురుగు కోటు తినీసిందంటే నవ్వీ, పొమ్మంటాడు."

"అలా అనలేనక్కా."

"ఏటి అనలేవు? అబద్ధానికి పన్నేస్తారేటి?"

నేను పాప తల మీద చెయ్యి పెట్టుకున్నాను. దాని ఒళ్ళు చల్లగా, మామూలుగా ఉంది. బాగోలేదన్న మాట నా నోట్లోంచి వస్తే ఆ మాటను విధి ఎక్కడో నిలబడి వింటుందనిపించింది. ఒకరిని కాపాడుకోవడానికి ఇంకొకరి పేరు అడ్డం పెట్టడం నా వల్ల కాలేదు.

గేటు దగ్గర సిపాయికి నాకొచ్చిన హిందీలో నిజమే చెప్పాను.

"కీడా?" అన్నాడతను. "కోట్ ఖా గయా?" పక్కవాణ్ణి పిలిచాడు. "అరే సునో, బహన్‌జీ కే ఘర్ కా కీడా లోహే సే భీ నహీ డర్తా!"

మా ఇంటి పురుగు ఇనుముకు కూడా భయపడదట. ఇద్దరూ నవ్వారు. అక్క హిందీలో వాళ్ళిద్దరినీ దులిపేసింది. మొత్తానికి అతను ఫోన్ తిప్పాడు. అవతల మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ తిప్పాడు. ఈసారి అతను నవ్వడం లేదు. "సబ్ భట్టీ పే హోంగే," అన్నాడు. అందరూ ఫర్నేస్ దగ్గరే ఉండి ఉంటారని.

అందరూ ఫర్నేస్ దగ్గర ఉన్నారంటే ఏమిటో నాకు తెలుసు. సైకిల్ స్టాండు పక్కన నీడలో కూర్చున్నాం. గోడ అవతల చిమ్నీల మీద పొగ తెల్లగా లేచి, మెల్లగా ఇటుకరంగుకు తిరిగింది. ఆ రంగు కనబడితే ట్యాపింగ్ నడుస్తున్నట్టని ఒకప్పుడు డాబా మీద నిలబడి ఆయనే చూపించారు. అప్పుడు బాగుందనుకున్నాను. ఇప్పుడు పాప కూడా ఆ ఎరుపు వైపు చెయ్యి చాపి "లాల్! లాల్!" అంటోంది. దాని చెయ్యి పట్టి కిందికి దించాను. పొగ మళ్ళీ తెల్లబడేదాకా నేను చూపు తిప్పలేదు. తెల్లబడ్డాక భయం ఇంకా పెరిగింది. అయ్యేదేదో అయిపోయి ఉంటుంది కదా.

షిఫ్ట్ సైరన్ మోగింది. సైకిళ్ళు ఏరులా బయటికి వచ్చాయి. ఆయన కనిపించారు. క్యారియర్ ఖాళీగా ఉంది. కోటు లేదు.

"ఏటే, ఇక్కడ నిలబడ్డావేటి? పాపకేటైనాది?" అని ఆయన సైకిల్ వదిలేసినంత పని చేశారు.

నేను ఆయన భుజాలు, మెడ, చేతులు తడుముతున్నాను. నడిరోడ్డు మీద, అందరి ముందూ. ఆయన సిగ్గుపడి నా చేతులు తోసేస్తున్నారు. ఆయన వెనకే ఆయనకు జోడీగా పనిచేసే మిత్రుడు వచ్చాడు. కోటు అతని హ్యాండిల్ మీద పరిచి ఉంది. చిల్లులోంచి వేలు బయటికి పెట్టి ఆడిస్తున్నాడు.

"భాభీజీ, యే జాలీ ఆప్‌నే బునీ హై క్యా?"

ఈ వల మీరే అల్లారా అని. ఆయనే చెప్పారు ఏం జరిగిందో. ట్యాపింగ్‌కి ముందు జోడీగాళ్ళు ఒకరి కోటు ఒకరు తీసుకుని ఫర్నేస్ తలుపు వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తారు. రోజూ చేసే పనే. ఈ రోజు వీపంతా చుక్కలు చుక్కలుగా వెలుగు కనబడింది. పని చూసే ఛార్జ్‌మన్ తిట్టి ఆయన్ని ఫర్నేస్ ముందు నుంచి తప్పించి వెనక పనికి పంపాడు.

"కొత్త కోటుకి రాసిచ్చినాను. అది వొచ్చేదాకా ఇదే. రేపటికి రఫూ సేసిచ్చీయ్," అన్నారు. అంత మామూలుగా.

ఇంటికొచ్చి కోటును ఎండలో పరిచి కర్రతో కొట్టాను. సంచులు గింజల్లా రాలాయి. తడిగుడ్డ వేసి బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మెడపట్టీ, మడతలు, కుట్లు అన్నీ ఆవిరి లేచేదాకా నొక్కాను. గుడ్లు కంటికి కనబడవు. కనబడని వాటిని చంపానో లేదో ఎలా తెలుస్తుంది?

అక్క తన బూడిదరంగు ఊలు ఉండ తెచ్చింది. "నా టోపీని పురుగు ముట్టిందేటి? ముట్టనేదు కదా! దీంతో సెయ్యి. మల్లీ తిందామన్నా తినలేదు," అంది గర్వంగా.

నాకూ అదే సబబనిపించింది. పురుగు తిననిది గట్టిదే కదా. రంగు కూడా కలిసింది. సాయంత్రం దాకా ఇద్దరం కూర్చుని చిల్లులన్నీ పూడ్చాం. చూస్తే ఎక్కడ అతికామో తెలియలేదు. అక్క మెచ్చుకుని వెళ్ళిపోయింది.

పెట్టె అడుగు ఊడ్చిన చెత్తంతా బొగ్గుల పొయ్యిలో పోశాను. సంచులు జుట్టు కాలిన వాసనతో చిటచిటమని మాడి పొడైపోయాయి. ఆ చెత్తలో ఇందాక రఫూ చేస్తూ తుంచి పడేసిన అక్క ఊలు ముక్కలు కూడా ఉన్నాయి. వాటికి ఆ వాసన రాలేదు. ప్లాస్టిక్ వాసన వచ్చింది. చూస్తుండగానే దారం ముడుచుకుని, కరిగి, నల్లటి చుక్కలై పట్టకారుకు అతుక్కుంది. గీకితే రాలేదు.

నైలానయితే కరిగి ఒంటికి అతుక్కుపోద్ది.

బజారులో అన్నీ ఊలు అనే అమ్ముతారు. పురుగును అడిగి ఉంటే ముందే చెప్పేది. ఆ టోపీని అది అందుకే ముట్టలేదు. అది తినేదే ఆయన్ని కాపాడుతుంది. అది వదిలేసింది ఆయన ఒంటి మీద కరుగుతుంది. అంత శ్రద్ధగా నేను ఆయన వీపు నిండా అదే కుట్టి పెట్టాను. తెల్లారితే తొడుక్కుని వెళ్ళేవారు. ఈసారి తలుపు వెలుతురుకు పట్టి చూసినా ఏ చుక్కా కనబడేది కాదు.

ఒక్కొక్క కుట్టూ విప్పాను. ఇంట్లో అసలైన ఉన్ని ఒక్కటే ఉంది. దాని పేరు నాకు పురుగే చెప్పింది. పాప ఎర్ర స్వెటర్ తీసి కింది అంచు నుంచి దారం లాగడం మొదలుపెట్టాను.

"మేరా స్వెటర్!" అని పాప ఏడుపు అందుకుంది. "అమ్మా, నాది! విప్పకు!"

"నాన్నకి కావాలమ్మా."

"నాన్నకి చిన్నది!"

ఆయన నవ్వేశారు. నేను నవ్వలేకపోయాను. చలికాలం ముందే ఉంది. ఇది మా అమ్మ చేతి పని. అయినా లాగుతూనే ఉన్నాను. అలల్లా వంకర తిరిగిన ఎర్రదారం నా ఒళ్ళో కుప్ప పడింది. ఒక ముక్కను పొయ్యిలో పెట్టి చూశాను. మాడింది, ఆరిపోయింది. జుట్టు వాసన వచ్చింది. ఆ వాసన నాకు అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ దారంతో మళ్ళీ మొదటి నుంచి చిల్లులన్నీ పూడ్చాను.

పొద్దున్న ఆయన కోటు విప్పి చూసుకుని, "ఏటిది? వీపు మీద కుంకం బొట్లు పెట్టినావేటి?" అన్నారు. ఫర్నేస్ దగ్గర అందరూ ఏడిపించారట. ఆ కోటును చూస్తే నాకు మాత్రం పెట్టె గోడ మీద పాకిన ఆ సంచే కనబడుతుంది. అదే ఎరుపు, అదే బూడిదరంగు, ఒకే దారం. అది తన ఒంటి కోసం నేసుకుంది. నేను ఆయన ఒంటి కోసం.

ఆ ఆదివారం కోటును తీగ మీద వేసినప్పుడు ఎడమ భుజం వెనక ఒక ఎర్ర అతుకు మీద నల్లటి మచ్చ కనిపించింది, చింతగింజలో సగమంత. అంతకుముందు అక్కడ పురుగు చేసిన చిల్లు ఉండేది. ఉక్కు చుక్క సరిగ్గా అక్కడే పడింది. వేలితో నలిపాను. పైది పొడిలా రాలిపోయింది. కింద ఎరుపు అలాగే ఉంది. కోటు తిప్పి లోపలి వైపు చూశాను. ఏమీ లేదు. ఆయన్ని పిలిచి చొక్కా విప్పించి భుజం చూశాను. అక్కడా ఏమీ లేదు.

"ఎప్పుడు పడిందండీ?"

"ఏటి పడింది?" అన్నారాయన. ఆయనకు తెలియనే తెలియదు.

కొత్త కోటు వచ్చింది. దాన్ని నేను పెట్టెలో పెట్టను. ప్రతి వారం అక్క వద్దంటున్నా చల్లటి నీళ్ళలో చెమట పోయేలా జాడిస్తాను. కాస్త కుంచించుకుపోయింది. ఆయన విసుక్కుంటారు. కాస్త బిగుతైనా ఫరవాలేదు, ఉప్పు మిగలకూడదు. ఈ సాయంత్రం ఆయన బయల్దేరే ముందు దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. చుక్కలేవీ కనబడలేదు. మెడపట్టీ మడత కింద వేలు పోనిచ్చి తడిమాను. ఏమీ తగల్లేదు. తగలనంత చిన్నవి ఉంటాయని నాకు తెలుసు.

పాత కోటు ఎర్ర అతుకులతో అలాగే తీగ మీద ఉంది. ఎవరికీ ఇవ్వలేదు, పారేయలేదు. పాపకు అది తన స్వెటరని గుర్తుంది. అప్పుడప్పుడు వెళ్ళి ఆ ఎర్రటి చోట్ల చెయ్యి వేసి, "ఇది నాది, నాన్నకి ఇచ్చాను," అని వచ్చినవాళ్ళకు చెబుతుంది.